‘వాటర్ ఫర్ ఎలిఫెంట్స్’ ప్రేమకథ మాత్రమేనా?

సారా గ్రూయెన్ అనే రచయిత్రి 2006లో వెలువరించిన ‘వాటర్ ఫర్ ఎలిఫెంట్స్’ అనే ఆంగ్ల నవలను చదివినవారిలో పెక్కుమంది దానిని ఒక మనోహరమైన ప్రణయగాథగా ప్రశంసిస్తూ ఉంటారు. 2011లో అది చలనచిత్రమైన తరువాత ఈ ప్రశంస మరింత బలపడింది. సర్కస్ గుడారం, గుర్రాలపై విన్యాసాలు చేసే సుందరి, ఆమెను ప్రేమించిన పేద యువకుడు, మధ్య క్రూరుడైన భర్త. ఇన్ని సరంజామాలు ఉండగా పాఠకలోకం మరొకటి వెతకదు కదా! అయినా ఈ నవలలో ప్రణయం కంటె బరువైన వస్తువు ఒకటి ఉన్నదని, దానిని మనం చూసీచూడనట్లు దాటిపోతున్నామని నా అభిప్రాయం.

కథాకాలం 1931. అంతకు రెండేండ్ల ముందు, 1929 అక్టోబరులో, న్యూయార్క్ వాటాల విపణి కుప్పకూలింది. మద్యనిషేధం ఇంకా అమలులోనే ఉన్నది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పశువైద్యం చదువుతున్న జేకబ్ జాంకోవ్‌స్కీ తల్లిదండ్రులు కారు ప్రమాదంలో మరణిస్తారు. కుమారుని చదువుకోసం తండ్రి ఇల్లు తాకట్టు పెట్టిన సంగతి అప్పుడుగాని అతనికి తెలియదు. చివరి పరీక్ష వ్రాయకుండానే బయటికి నడిచి, చీకటిలో వెళ్తున్న ఒక రైలును ఎక్కుతాడు. అది బెంజినీ బ్రదర్స్ సర్కస్ వారి రైలు. పట్టా చేతికి రాకున్నా అక్కడ అతడు పశువైద్యుడవుతాడు. మార్లీనా, ఆమె భర్త ఆగస్ట్, రోజీ అనే ఏనుగు అతని జీవితంలోకి ప్రవేశించడం ఆ తరువాతి కథ.

ఆ రైలులో బతికే మనుషుల మధ్య అంతరాలను రచయిత్రి చిత్రించిన తీరే ఈ నవలకు ప్రాణమని నేనంటాను. ప్రదర్శకులు ఒక వర్గం, గుడారాలు మోసే కూలీలు మరొక వర్గం. భోజనశాలలో వారి బల్లలు వేరు, రైలులో వారి పెట్టెలు వేరు. డబ్బు చాలనప్పుడు మొదట జీతం ఆగేది కూలీలకే. ఇంకా చాలకపోతే, కదిలే రైలు నుండి వారిని రాత్రివేళ బయటికి తోసివేస్తారు. ఈ పనికి వారి పరిభాషలో ‘రెడ్‌లైటింగ్’ అని పేరు. వెళ్లిపోతున్న రైలు చివరి ఎర్రదీపమే తోసివేయబడినవాడికి కడపటి దర్శనం! ఈ ఆచారాన్ని రచయిత్రి కల్పించలేదు. నాటి సర్కసుల జ్ఞాపకాలలో ఈ మాట ఉన్నది.

కేమెల్ అనే ముసలి కూలీ పాత్ర ఇందుకు మంచి నిదర్శనం. మద్యనిషేధపు రోజులలో పేదలు మందుపేరిట అమ్మే జమైకా అల్లపు సారాన్ని త్రాగేవారు. 1930లో దానిలో కలిసిన ఒక విషరసాయనం వల్ల వేలాదిమందికి కాళ్లు చచ్చుబడిపోయాయి. ఇది చరిత్ర. నవలలో కేమెల్ గతి ఇదే. పనికిరాని మనిషి రైలులో ఉన్నాడని యజమానికి తెలిస్తే ప్రమాదమని జేకబ్, మరుగుజ్జు విదూషకుడు వాల్టర్ కలిసి అతనిని తమ పెట్టెలో దాచి సాకుతారు. జేకబ్‌ను మొదట చూసిన క్షణం నుండి చీదరించుకొన్న వాల్టర్, ఈ ముసలివాని కోసం తన స్థానాన్ని ఇరుకు చేసుకొంటాడు. ఒకనాటి రాత్రి ఇద్దరినీ వంతెనపై నుండి క్రిందికి తోసివేస్తారు. నా దృష్టిలో నవల మొత్తానికి కరుణరసం పరాకాష్ఠ నందుకొన్న ఘట్టం ఇదే. మార్లీనా, జేకబుల ఏకాంతఘట్టాలు దీని ముందు వెలవెలబోతాయి.

ఈ కూలీలకు పేర్లైనా ఉండేవా? 1918 జూన్ 22న ఇండియానా రాష్ట్రంలోని హేమండ్ వద్ద ‘హేగెన్‌బెక్-వాలెస్’ సర్కస్ రైలును వెనుకనుండి మరొక రైలు ఢీకొన్నది. 86 మంది మరణించారు. చికాగో సమీపాన ‘షోమెన్స్ రెస్ట్’ అనే శ్మశానవాటికలో వారిలో పెక్కుమందిని ఖననం చేశారు. అనేక సమాధిఫలకాలపై ‘అజ్ఞాత పురుషుడు’ అని, ప్రక్కన ఒక సంఖ్య మాత్రమే ఉన్నాయి. కొన్నింటిపై ‘బట్టతలవాడు’ అన్న అర్థమిచ్చే మారుపేరు, ‘నాలుగు గుర్రాల బండి తోలేవాడు’ అన్న గుర్తు చెక్కి ఉన్నాయి. తోటివారికి సైతం వారి అసలు పేర్లు తెలియవు. నవలాకారిణి ఇటువంటి అనామకులకే పేర్లు పెట్టి, మాటలిచ్చి, కోపతాపాలిచ్చింది. చారిత్రక నవల చేయగల ఉపకారం ఇంతకంటె ఏముంది?

ఇక చలనచిత్రం సంగతి. నవలలో సర్కస్ యజమాని అంకుల్ అల్ ఒకడు, జంతుశిక్షణ చూసే ఆగస్ట్ మరొకడు. ఆగస్ట్ క్షణికోద్రేకి, ఏనుగును అంకుశంతో పొడిచి రక్తం కార్పిస్తాడు, భార్యమీద చేయి చేసుకొంటాడు. అంకుల్ అల్‌ది లెక్కల క్రౌర్యం. ఎవరిని ఎప్పుడు తోయించాలో అతడు చల్లగా నిర్ణయిస్తాడు. సినిమా వారు ఈ ఇద్దరినీ కలిపి ఆగస్ట్ అనే ఒకే పాత్ర చేశారు. కథ బిగువెక్కిందని మెచ్చినవారున్నారు. ఫలితమేమిటో చూడండి: ఒక వ్యవస్థ చేసిన పాపం ఒక దుష్టభర్త స్వభావంగా మారిపోయింది. వాడు చస్తే అంతా చక్కబడుతుందన్న భ్రమ ప్రేక్షకునికి మిగిలింది.

నవలలోనూ ఈ దోషపు నీడ లేకపోలేదు. ఆగస్ట్ మనోవ్యాధిగ్రస్తుడని అంకుల్ అల్ నోట చెప్పించడం నాకు రుచించలేదు. వ్యాధిని కారణంగా చూపగానే అధికారం బాధ్యత తేలికవుతుంది. మార్లీనా పాత్రపోషణ కూడ పలుచననే చెప్పాలి. ఏనుగుకున్న వ్యక్తిత్వం ఆ నాయికకు లేదు!

ఏనుగు మాట వచ్చింది కనుక తెలుగు విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయమొకటి. నవల ప్రారంభంలోనే ఒక హత్య జరుగుతుంది. ఆంగ్లంలో స్త్రీకీ ఆడ ఏనుగుకూ ఒకే సర్వనామం చెల్లుతుంది కనుక, చంపినది మార్లీనా అని మనం భ్రమపడతాం. రోజీ అని చివరకు గాని తెలియదు. ఈ చమత్కారం తెలుగులో నిలుస్తుందా? ‘ఆమె’ అంటే ఒకటి పోతుంది, ‘అది’ అంటే రెండవది పోతుంది. కాని మన క్రియాపదం ఉన్నది చూశారూ, ‘చంపింది’ అంటే చాలు! ఏకవచనంలో స్త్రీకీ పశువుకూ ఒకే ప్రత్యయం. భాష ఇద్దరినీ ఒకే గాటకు కట్టడం ఎంత న్యాయమో వ్యాకర్తలు చెప్పాలి. ఈ నవలలో మాత్రం ఇద్దరూ ఒకే చేతి దెబ్బలు తిన్నవారే. పోతన గజేంద్రునికి మొరపెట్టుకొనడానికి ఒకడున్నాడు. రోజీకి తెలిసిన భాష పోలిష్. ఆ శిబిరంలో దానిని ఎరిగినవారే అరుదు. ఆజ్ఞ అర్థం కాక నిలబడినందుకు మొద్దు అని పేరు పొంది దెబ్బలు తిన్నది. బోధనభాష తెలియక వెనుక బెంచీలో మౌనంగా కూర్చున్న పిల్లవానిని ఎరిగిన అధ్యాపకుడెవరైనా ఈ ఘట్టం దగ్గర ఒక క్షణం ఆగుతాడు.

సర్కస్ మనకు పరాయి కాదు. కోడి రామమూర్తినాయుడు విజయనగరంలో సర్కస్ కంపెనీ నెలకొల్పి దేశవిదేశాల పేరు గడించాడు. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ రచనతో 1970లో వచ్చిన ‘మేరా నామ్ జోకర్’ చిత్రాన్ని ఉర్దూ విభాగపు మిత్రులు నాకంటె బాగుగా వివరించగలరు. అయితే అక్కడ జోకర్ గుండె కనిపించినంతగా గుంజలు పాతేవాని చేతులు కనిపించవు.

కాలం మారింది. పులులు, సింహాలు, ఎలుగులు, కోతులతో ప్రదర్శనలపై నిషేధాన్ని మన సుప్రీంకోర్టు 2001లో సమర్థించింది. 2011లో పిల్లలను సర్కసులో నియమించరాదన్నది. అమెరికాలో రింగ్లింగ్ వారు 2016లో ఏనుగులను విరమించి, 2017లో ప్రదర్శనలే మూసివేసి, 2023లో జంతువులు లేకుండా తిరిగి వచ్చారు. జంతువుల పక్షాన ఇంత జరగడం సంతోషమే. గుడారం మోసినవారి జీతం సంగతి అడిగినవారు మాత్రం తక్కువ.

నవల మన విద్యార్థుల చేతికి వస్తే, ప్రేమఘట్టాలకు ముందు భోజనశాల వర్ణన చదవమని చెప్తాను. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చున్నారో గమనించి, తరువాత రైలు ఎక్కవచ్చును.