సంచి ముందే సర్దుకోవాలి, మందులు అడిగాకే పంపాలి



ఎక్కడో ఒక దేశంలో భూకంపం వచ్చిందని టీవీలో చూపించిన ప్రతిసారీ మన ఆసుపత్రికి రెండు రకాలవారు వస్తారు. కొందరు "మన డాక్టరుగారిని, సిస్టర్లను అక్కడికి పంపరా అండీ?" అని అడుగుతారు. మరికొందరు పాత బట్టల మూట, ఇంట్లో మిగిలిపోయిన మాత్రల కవరు తెచ్చి ఓపీ బల్ల మీద పెట్టి, "ఇవి కూడా పంపించండి" అని వెళ్తారు. ఇద్దరి మనసూ మంచిదే. అయితే ఇద్దరికీ మేము ఒక మాట చెప్పాలి. సిద్ధపాటు లేని సహాయం కష్టంలో ఉన్నవారికి మరో బరువవుతుంది.

ముందు మందుల సంగతి చూద్దాం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఇండోనేషియాలోని అచే ప్రాంతానికి ప్రపంచం నలుమూలల నుండి సుమారు 4,000 టన్నుల మందులు చేరాయి. తరువాత పరిశీలించినవారికి తెలిసిందేమంటే, వాటిలో సగానికి పైగా ఆ దేశపు మందుల జాబితాలోనే లేవు. చాలావాటి మీద రాతలు అక్కడివారు చదవలేని భాషలో ఉన్నాయి. గాయపడినవారిని చూడవలసిన సిబ్బంది పెట్టెలు విప్పి ఏరుకుంటూ కూర్చోవలసి వచ్చింది. పనికిరానివాటిని నాశనం చేయడానికి మళ్లీ ఖర్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలలో మొదటిది, అడిగిన మందులే పంపాలి అని. చేరేనాటికి కనీసం ఒక సంవత్సరం గడువు మిగిలి ఉండాలి. ఒకరికి ఇచ్చి వెనక్కి తీసుకున్న మందులు పంపకూడదు. మీ ఇంట్లో సగం వాడిన షీటు ఈ మూడింటిలో ఏ నియమానికీ సరిపోదు.

ఇక మనుషుల సంగతి. 2010 జనవరిలో హైతీ భూకంపం తరువాత ఎన్నో వైద్య బృందాలు తమంతట తామే వెళ్లాయి. వాటిలో కొన్ని ఎంతో మేలు చేశాయి. కొన్ని మాత్రం తిండికి, నీళ్లకు, పడకకు ఆ దెబ్బతిన్నవారి మీదే ఆధారపడ్డాయి. ఆ అనుభవం చూశాకే 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి బృందాలకు కొలతలు పెట్టింది. అన్నిటికంటే చిన్న బృందమైనా రోజుకు కనీసం 50 మంది రోగులను చూడగలగాలి. రెండు వారాల పాటు తన తిండి, తన నీళ్లు, తన మందులు తానే చూసుకోవాలి. అన్నిటికీ మించి, ఆ దేశం పిలిస్తేనే వెళ్లాలి.

సిద్ధపడి వెళ్లినవారు ఏం చేయగలరో కూడా చూశాం. 2004 సునామీలో మన తీరం కూడా దెబ్బతిన్నది. అయినా విశాఖపట్నం స్థావరంగా ఉన్న సర్వే ఓడ ఐఎన్ఎస్ నిరూపక్‌ను ఆసుపత్రి ఓడగా మార్చి ఇండోనేషియాకు పంపారు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో భూకంపం వస్తే, మన సైన్యపు 60వ పారాచూట్ ఫీల్డ్ ఆసుపత్రి నుండి 99 మంది వెళ్లి ఇస్కెందెరున్‌లో 30 పడకల ఆసుపత్రి నడిపారు. అంత త్వరగా వెళ్లగలగడానికి కారణం వారి సామాను ముందే సర్ది ఉండటం. అదే సమయంలో వెళ్లిన విపత్తు సహాయ దళంలో చాలామందికి పాస్‌పోర్టులు రాత్రికి రాత్రి సిద్ధం చేయవలసి వచ్చింది. సమయం ఎక్కడ పోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాబట్టి "నేను వెళ్తాను" అనే మన నర్సులతో, యౌవనస్థులతో మేము అనేది ఇదే. సంచి ఇవాళే సర్దుకోండి. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు పూర్తికావడానికి మామూలుగా ఆరు నెలలు పడుతుంది. పచ్చజ్వరం టీకా వేయించుకున్న పది రోజులకు గాని ఆ సర్టిఫికెట్ చెల్లదు. ఆపద వచ్చాక మొదలుపెడితే అందదు. గడువున్న పాస్‌పోర్టు, నర్సింగ్ రిజిస్ట్రేషన్ నకళ్లు ప్లాస్టిక్ కవరులో ఉండాలి. తలకు కట్టుకునే లైటు, బ్యాటరీలు, దోమతెర, గట్టి బూట్లు, చేతి తొడుగులు, నీటిలో వేసే క్లోరిన్ బిళ్లలు, మూడు రోజులకు సరిపడా అటుకులు, వేరుశెనగ ఉండలు, మీరు రోజూ వాడే మందులు పెట్టుకోండి. ఇంటి ఫోను నంబరు కాగితం మీద రాసుకోండి. సెల్‌ఫోను ఆగిపోతే ఎవరికీ ఏ నంబరూ గుర్తుండదు.

ఆ సంచిలో రెండు చిన్న వస్తువులకు మన దేశంతో, మన జిల్లాతో చుట్టరికం ఉంది. డాక్సీసైక్లిన్ మలేరియా రాకుండా, కలరా, ఎలుకల వల్ల వచ్చే జ్వరం వంటివాటికి వాడతారు. అది టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసిన లెడర్లే పరిశోధనశాలకు సారథి, 1895లో మన పొరుగున భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. రెండవది ఓఆర్ఎస్ పొట్లం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరానికి వచ్చినప్పుడు కలరాతో నూటికి 30 మంది చనిపోతున్నారు. సెలైను సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. మరణాలు నూటికి నాలుగు కంటే తగ్గాయి. పెద్ద యంత్రాలు లేకపోయినా సరైన వస్తువు సరైన సమయానికి ఉంటే అంత పని జరుగుతుంది.

అయితే ఈ సంచి కంటే ముందు మరొక కాగితం సిద్ధం కావాలని మా అభిప్రాయం. వెళ్లినవారి డ్యూటీ ఇక్కడ ఎవరు చేస్తారో ఆ కాగితం మీద రాసి ఉండాలి. మనది చిన్న ఆసుపత్రి. మత్తు ఇచ్చే డాక్టరుగారు నెల రోజులు లేకపోతే, కొల్లేరు లంక నుండి అర్ధరాత్రి వచ్చే గర్భిణికి ఆపరేషన్ ఎవరు చేస్తారు? టీవీలో కనబడే తల్లీ, ఆటోలో వచ్చే తల్లీ ఇద్దరూ తల్లులే. దూరపు బాధ మన కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది గాని, దగ్గరి బాధ్యతను మరిపించకూడదు. ఒక్కొక్క విభాగం నుండి ఒకరికి మించి వెళ్లకూడదు. ఆ ఒక్కరికీ బదులు మనిషి పేరు ముందే ఖాయం కావాలి.

"ఇది వెళ్లకుండా తప్పించుకునే మాట కాదా?" అని మీరు అడగవచ్చు. ఆ ప్రమాదం ఉంది, ఒప్పుకుంటాం. భయానికి జాగ్రత్త అనే పేరు పెట్టుకోవడం సులువు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు బయటివారు ఎవరి ఊళ్లలో వారు కూర్చుని ఉంటే మన ప్రాంతం ఏమైపోయేది? తీసుకున్నవారం ఇవ్వాలి. అందుకే మేము వెళ్లవద్దు అనడం లేదు. శిక్షణ పొంది, ఏదైనా గుర్తింపు పొందిన బృందంలో ముందే పేరు రాయించుకుని, పిలుపు వచ్చినప్పుడు వెళ్లండి అంటున్నాం.

ఆ సర్దిన సంచి మూల పడి ఉండదు కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగింది. బుడమేరు చివరికి చేరేది మన కొల్లేరుకే. కొల్లేరు నీరు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. విదేశానికని కట్టిన సంచి మొదట విప్పవలసింది మన లంక గ్రామంలోనే కావచ్చు.

చివరిగా మీకు మనవి. ప్రతి ఇంట్లో ఒక చిన్న సంచి ఉంచండి. బీపీ, షుగరు మందులు రెండు వారాలకు, డాక్టరు చీటీ నకలు, ఆధార్, రేషను కార్డు నకళ్లు, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు, టార్చిలైటు అందులో పెట్టండి. ఆరు నెలలకొకసారి మందుల గడువు చూసి మార్చండి. గల్ఫ్‌లో ఉన్న మీ ఆడపిల్లలకు, అబ్బాయిలకు కూడా ఫోనులో ఇదే చెప్పండి. 1990లో కువైట్ యుద్ధం వచ్చినప్పుడు లక్షన్నరకు పైగా మనవారు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. వారి పాస్‌పోర్టు నకలు ఒకటి మీ దగ్గర కూడా ఉండాలి.

మిగిలిన మాత్రలు దయచేసి ఓపీ బల్ల మీద పెట్టవద్దు. ఇవ్వాలనుకున్నది, అడిగినప్పుడు, డబ్బు రూపంలో ఇవ్వండి. దానితో అక్కడికి దగ్గరలోనే కావలసిన మందు కొనవచ్చు. అది ఓడ ఎక్కనక్కరలేదు, గడువు దాటిపోదు.