గ్రూపు డబ్బుతో హెరిటేజ్ సభ్యత్వం వద్దు

హెరిటేజ్ సంఘంలో అందరికీ సభ్యత్వం కడదామని రెండ్రోజులుగా గ్రూపులో ఒకటే మాట. నేను వద్దంటున్నా.

ఏడాదికోసారి చంద్రగిరి కోట చూసే మనకి సభ్యత్వం దేనికి? పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్టే లేదు. పెద్దోళ్ళకి టికెట్ కంటే తడ నుంచి బస్సు ఛార్జీనే ఎక్కువ. "సంఘంలో మన పేరుంటది" అంటున్నారు. రసీదు మీద ఉంటది, సరే.

మన వారసత్వం పులికాట్ అవతల శ్రీహరికోటలో ఉంది. రాకెట్ల కోసం 1969లో ఆ దీవిని ఎంచుకున్నారు. అడవిలో తేనె, దుంపలు, సరస్సులో చేపలతో బతికిన యానాదులు ఎందరో ఊళ్ళు వదిలి బయటికొచ్చారు. ఇప్పుడు తాతల ఊరు చూడాలంటే గేటు దగ్గర అనుమతి కావాలి. ఏ సభ్యత్వ కార్డూ ఆ గేటు తెరవదు. (రాకెట్ లేస్తే మనమూ చప్పట్లు కొడతాం, అది వేరే సంగతి.)

ఆ దీవిలో పుట్టిన ముసలోళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. ఏ వేరు దేనికి మందో, ఏ కుంటని ఏమని పిలిచేవాళ్ళో వాళ్ళకే తెలుసు. ఆ డబ్బు వాళ్ళ దగ్గరికి పోయి రావడానికి పెడదాం. ఫోన్‌లో రికార్డు చేసి, పేరూ ఊరూ రాసి పెడదాం. ఎవరి సొంత డబ్బు వాళ్ళిష్టం, గ్రూపు డబ్బు మాత్రం కట్టబాకండి. ఈ ఆదివారం ఎవరెవరు వస్తారో కింద రాయండి.