చేపపిల్లయు నారువంటిదే

నారు మంచిదైనగాని పైరు మంచిది కాదని యెరుగని రైతు లేడు. తెగులు పట్టిన నారును ఎవరు తెచ్చి యిచ్చినను మనము నాటము. అట్టి మనమే చెరువులో చేపపిల్లలను వదలునపుడు ఎన్ని వచ్చినవని యడుగుదుము గాని, ఎట్లు పెరిగినవని యడుగము. సంఘములు ఈ యలవాటును విడువవలెను.

రామగుండము, గోదావరిఖని ప్రాంతమున ఊరి చెరువులును, 20 టి.ఎం.సి.ల యెల్లంపల్లి జలాశయమును పెక్కు కుటుంబములకు జీవనాధారములు. ప్రభుత్వము 2016లో ఉచితముగా బొచ్చె, రవ్వ, మ్రిగాల పిల్లలను పంచు పథకమును ప్రారంభించినది. చిన్న చెరువులకు 35–40 మిల్లీమీటర్లు, జలాశయములకు 80–100 మిల్లీమీటర్లు పరిమాణముగా నిర్ణయించిరి. పొడవును కొలబద్ద చెప్పును. బలమును పెంపకమే చెప్పవలెను.

ఇరుకు కుంటలో లెక్కకు మించి పిల్లలను పెంచినచో నీటిలోని ప్రాణవాయువు తగ్గును. మిగిలిన మేతయు మలమును కుళ్లి అమోనియా పుట్టును, మొప్పలు చెడును. ప్రాణవాయువు లీటరునకు 5 మిల్లీగ్రాములున్న మేలు. 3కు దిగిన పిల్ల మేత మానును. చేపపేను, దూదివంటి బూజు, రెక్కల కుళ్లు బలహీనమైన పిల్లనే ముందు పట్టును. అట్టి పిల్ల గట్టున చావదు. వదలిన కొలదిదినములకు నీటియడుగున చచ్చును. నష్టము వల వేసిననాడు గాని తెలియదు.

మన యెండలు తీవ్రమైనవి. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా నిలుచును. గనులనుండి తోడిన నీరు చేరు చెరువులయందు మరింత జాగ్రత్త కావలెను. గనినీరంతయు చెడ్డదనుట తప్పు. పరీక్షింపక మంచిదనుటయు తప్పే. ఆమ్లగుణమును, తేలుచుండు బొగ్గునలుసును ముందుగా చూపించుకొనవలెను.

ఉచితముగా వచ్చినదానిని పరీక్షించుట మర్యాద కాదని కొందరందురు. ఆ ధనము ప్రజలది, చెరువు మనది, పోవు సంవత్సరమును మనదే. గావున లారీ వచ్చినపుడు కొన్ని పిల్లలను పళ్లెములో వేసి నీటిని చేతితో త్రిప్పి చూడుడు. ఆరోగ్యముగలవి ప్రవాహమున కెదురీదును; లేనివి కొట్టుకొనిపోవును. మంచివాటినైనను సంచితోనే 15–20 నిమిషములు చెరువునీటిపై తేల్చి, పిదప వదలుడు. చెడ్డవాటిని తిరస్కరించి, కారణమును సంఘపు పుస్తకమున వ్రాయుడు.

అంతకంటె మేలైన మార్గ మొకటి కలదు. ప్రతిసంఘమును చెరువుప్రక్కన ఒక పెంపకపు కుంటను త్రవ్వుకొని, చిన్నపిల్లలను తెచ్చి, ఎకరమునకు లక్షకు మించకుండ, రెండుమూడు నెలలు తన కన్నుల యెదుట పెంచుకొనవలెను. నారుమడిని పొరుగూర వేసికొని నాట్లకు కూర్చుండు రైతు కలడా? రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును తీర్మానమునకు పెట్టుడని సభ్యులను కోరుచున్నాము.