గెడ్డని సగం చేసి సిమెంటు పూస్తే నీళ్లు ఒప్పుకోవు

కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

"గెడ్డ ఇంత వెడల్పు ఎందుకండీ? సగానికి తగ్గించి సిమెంటు చేస్తే నీళ్లు జర్రున పోతాయి, జాగా కలిసొస్తుంది" అనే మాటకి మనలోనే కొందరు తలూపుతున్నారు. తలూపే ముందు లెక్క చూడండి.

కాలవలో నీటి వేగం మూడింటి మీద ఉంటుంది: వాలు ఎంత, అడుగూ గట్లూ ఎంత గరుకు, పారే నీటిలో ఎంత భాగం వాటికి రాసుకుంటోంది. ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో చెప్పిన సూత్రం ఇదే. ఇంజనీర్లు నేటికీ దీన్నే వాడతారు.

3 మీటర్ల వెడల్పు, మీటరు లోతు నీళ్లు, వెయ్యి మీటర్లకి ఒక మీటరు వాలు అనుకోండి. శుభ్రంగా ఉన్న మట్టి కాలవలో సెకనుకి సుమారు 2,700 లీటర్లు పోతాయి. దాన్నే మీటరున్నరకి కుదించి నున్నగా సిమెంటు చేయండి. వేగం పెరుగుతుంది, నిజమే. కానీ పోయేది 1,800 లీటర్లే! మిగతా 900 ఎక్కడికి పోతాయి? మీ మడిలోకే.

మన తప్పూ ఉంది. అదే మట్టి కాలవలో తుంగ, పూడిక, ప్లాస్టిక్ చేరి గరుకు రెట్టింపైతే పోయేది 1,350 లీటర్లు. అంటే సగం. దానికి మందు సిమెంటు కాదు, కత్తీ పారా.

ఇంకో మాట. వాలు నాలుగో వంతుకి తగ్గితే వేగం సగమవుతుంది. కొండ మీంచి దూకుతూ వచ్చిన నీరు కింద చదునుకి రాగానే నెమ్మదించి లోతు పెరుగుతుంది. వెడల్పు ఎక్కువ కావల్సింది సరిగ్గా అక్కడే. అక్కడే కుదిస్తామంటే ఎలా?

"నా పొలం పక్కన గెడ్డ బాగానే ఉంది, నాకేంటి" అనుకోకండి. చదునులో నిదానంగా పారే నీటికి కింద అడ్డు పడితే, మునిగేది పైనున్నవాడు. సముద్రం దగ్గర నోరు ఇసుకతో మూసుకుంటే మీరు పైన ఎంత బాగుచేసినా దండగే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన విశాఖ దగ్గరే తీరం దాటింది. మళ్లీ అలాంటిది రాదని ఎవరూ రాసివ్వలేరు. అందుకే ఎవరు ప్లాను తెచ్చినా ఒక్కటే అడగండి: "పెద్ద వానకి ఎన్ని లీటర్లు వస్తాయి, ఈ కొలతలో ఎన్ని పోతాయి?" కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వకపోతే సంతకం పెట్టకండి.