ఉజ్జయినికి ఎన్ని మార్కులు?

అమెరికాలోని ఫ్రీడమ్ హౌస్ అనే సంస్థ 1973 నుంచి దేశాల స్వేచ్ఛను బేరీజు వేస్తోంది. ఇప్పటి పద్ధతిలో రాజకీయ హక్కులకు 40 మార్కులు, పౌర స్వేచ్ఛలకు 60. తన 2021 నివేదికలో మన దేశానికి 67 వేసి, పాక్షికంగానే స్వేచ్ఛ ఉందని తేల్చింది. ఢిల్లీ ఒప్పుకోలేదు. ఆ తగాదా అలా ఉంచి, అదే కొలబద్ద పట్టుకుని మనం కథల్లో, సినిమాల్లో చూస్తూ పెరిగిన రాజ్యాల్లోకి ఒకసారి వెళ్లొద్దాం.

ముందు చందమామ కథల పత్రిక. స్వరాజ్యానికి నెల ముందు, 1947 జులైలో మొదలైంది. స్థాపకుల్లో ఒకరైన చక్రపాణిది తెనాలి. దశాబ్దాలపాటు దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. కనుక ఆ రాజులంతా ఒక రకంగా కృష్ణా కాలవ నీళ్లు తాగినవాళ్లే.

జానపద రాజ్యాల్లో రాజు వారసుడు లేకుండా పోతే పట్టపుటేనుగు తొండానికి పూలదండ ఇచ్చి ఊళ్లోకి వదులుతారు. అది ఎవరి మెడలో వేస్తే వాడే రాజు. ఎన్నికల విభాగంలో సున్నా వేయక తప్పదు. కాకపోతే పోలింగు ముందురోజు రాత్రి ఏనుగుకు కవరు అందించడం కుదరదు. మా డెల్టావాళ్లు అందుకని రెండు మార్కులు కలుపుతామంటే నేను అడ్డుపడను.

మంచి రాజు రాత్రిళ్లు మారువేషంలో తిరుగుతాడు. చిన్నప్పుడు దాన్ని ప్రజలమీద ప్రేమ అనుకున్నాం. పట్టపగలు, కిరీటం ముందు నిలబడి నిజం చెప్పే నోరు ఆ రాజ్యంలో ఒక్కటీ లేదని ఇప్పుడు అర్థమవుతోంది. రాజును ధైర్యంగా నిలదీసేది బేతాళుడొక్కడే. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుందని బెదిరించి మరీ అడుగుతాడు. మన శాసనసభల ప్రశ్నోత్తరాల్లో అలాంటి నిబంధన లేదు! అయితే ఆ ప్రశ్న వచ్చేది శవంలోంచి, శ్మశానం దారిలో, సాక్షి లేని చీకట్లో. పాత బేతాళ కథలు పాతికా అయిపోయినా చందమామ వాళ్లు కొత్తవి అల్లుతూనే పోయారు. ప్రశ్నలకు కరువు రాలేదు.

ఇక ఉజ్జయిని. 1951 మార్చిలో వచ్చిన ‘పాతాళభైరవి’ సినిమాలో తోటరాముడు రాకుమారిని ప్రేమిస్తాడు. తనకు సమానంగా సంపద తెస్తే పిల్లనిస్తానంటాడు రాజు. సమానత్వానికి వెల కట్టిన రాజ్యం అది. ఆ వెల అన్యాయమని రాముడు అనడు. సంపాదించడానికి మాంత్రికుడి వెంట వెళతాడు. హాల్లో ఈలలు. తర్వాతి రోజుల్లో నేనూ వేశాను.

ఆ ఈలలు వేసిన జనమే ఏడాది తిరక్కుండా తొలి సార్వత్రిక ఎన్నికల్లో విజయవాడ నుంచి ఒక కవిని లోక్‌సభకు పంపారు. సరోజినీ నాయుడి తమ్ముడు హరీంద్రనాథ్ చటోపాధ్యాయ, కమ్యూనిస్టుల మద్దతుతో నిలబడిన స్వతంత్రుడు. జమీందారీల రద్దు చట్టం 1948లోనే వచ్చింది. తెరమీద రాజుకు చప్పట్లు కొడుతూనే ఊళ్లో జమీందారును సాగనంపారు. నేలటిక్కెట్టు ఎక్కడ చింపాలో, ఓటు ఎక్కడ వేయాలో వాళ్లకు తెలుసు.

మనకు తెలుసా అన్నది నా అనుమానం. ‘బాహుబలి’ సినిమాల మాహిష్మతిలో రాజమాత మాటే చట్టం. నిండు సభలో సేనాపతి తల తెగిపడుతుంది. నరికినవాడు కథానాయకుడు కనుక మనం లేచి నిలబడ్డాం. పట్టాభిషేకం నాడు జనం ఎవరిని కోరుకుంటున్నారో భూమి అదిరేలా తెలిసింది, కిరీటం మాత్రం ఇంకొకరి తలమీదే ఉంది. నా లెక్కలో నూటికి ఏడు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని రెండేళ్లు ఊరూవాడా అడిగాం. కట్టప్ప పుట్టుకతోనే బానిస ఎందుకయ్యాడని ఎంతమందిమి అడిగాం?

మీరూ ఒక రాజ్యాన్ని ఎంచుకోండి. అమ్మమ్మ చెప్పిందైనా, మొన్న తెరమీద చూసిందైనా సరే. నూటికి మార్కులు వేసి, ఎందుకు వేశారో ఒక పేజీలో రాసి పంపండి. షరతు ఒకటే: లెక్క వేసేటప్పుడు మీరు రాకుమారుడు కాదు, తోటమాలి.