మీగడ కింద బ్రాందీ

మా పత్తికొండలో విస్కీ అమ్మినా బీరు అమ్మినా అది బ్రాందీ షాపే. ఇంట్లో ఆ మాట గట్టిగా అనరు, మా అవ్వయితే "ఆ అంగడి" అంటుంది. అదే బ్రాందీ పక్కన 'అలెగ్జాండర్' అని తగిలించి, పొడుగు కాడ గ్లాసులో పోసి రీల్ పెడితే మాత్రం "క్లాసీ" అని కామెంట్లు! ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

రెసిపీ చానా సింపుల్. బ్రాందీ, క్రెమ్ ద కకావ్ అనే చాక్లెట్ రుచి లిక్కర్, క్రీమ్ మూడూ సమానంగా, తలా 30 మి.లీ. ఐస్ వేసి బాగా షేక్ చేసి, వడగట్టి, పైన కాస్త జాజికాయ పొడి చల్లుతారు. మీగడ, జాజికాయ మన వంటింట్లోవే. బ్రాందీ సంగతి వేరు. అసలు బ్రాందీని ద్రాక్ష వైన్ నుంచి తీస్తారు. మన దగ్గర చవకగా దొరికేది ఎక్కువగా చెరకు మొలాసిస్ స్పిరిట్‌కి రంగూ వాసనా కలిపిందే.

ఇప్పుడు లెక్క చూద్దాం. మన బ్రాందీలో ఆల్కహాల్ 42.8 శాతం. 30 మి.లీ.లో దాదాపు 13. ఆ చాక్లెట్ లిక్కర్‌లో 25 శాతం అనుకుంటే ఇంకో ఏడున్నర. అంటే గ్లాసుకి 20 మి.లీ. పైనే. 180 మి.లీ. క్వార్టర్‌లో ఉండేది 77. నాలుగు గ్లాసులు తాగితే క్వార్టర్ దాటినట్టే! కానీ నాలుగు గ్లాసులు తాగినోడిది పార్టీ, మార్కెట్‌లో టమాటా గంపలు దించి క్వార్టర్ తాగినోడు తాగుబోతు.

పైగా తీపి, మీగడ కలిసి మందు ఘాటుని దాచేస్తాయి. 1974 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లోని ట్రూబడోర్ క్లబ్బులో జాన్ లెనన్ తాగింది ఇదే. మిల్క్‌షేక్‌లా ఉందని తాగుతూ పోయాడు, స్టేజీ మీదోళ్లని అరిచి గోల చేశాడు, చివరికి బయటికి గెంటించుకున్నాడు.

"మితంగా, రుచి కోసం తాగితే తప్పేంటి?" అంటారు. 21 నిండినవాళ్ల ఇష్టం. నాకు 19, మన రాష్ట్రంలో చట్టప్రకారం సీసా కొనే వయసే లేదు, కాబట్టి ఉపన్యాసం ఇవ్వను. ఇద్దరికీ తేడా లేదని కూడా అనను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది కూలి డబ్బులు ఇంటికి రాక, తన్నులు మాత్రం వస్తున్నందుకు. కాక్‌టెయిల్ కలిపేవాడి ఇంట్లో రేపటి బియ్యానికి లోటుండదు. కానీ ఆ తేడా జేబుది, గుణానిది కాదు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. ఈసారి ఆ రీల్ షేర్ చేసేటప్పుడు కింద మి.లీ. లెక్క కూడా రాయండి. గంపలు మోసేవాడిని తాగుబోతు అనే ముందు ఆ లెక్క ఇంకోసారి చదువుకోండి.