మీట ఎవరి చేతిలో?

ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆవిడకు క్షణం తీరిక ఉండేది కాదు. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లడం, పాలవాడి దగ్గర లెక్క తేల్చుకోవడం, పెరట్లో బీరపాదుకు పందిరి సరిచేయడం, మధ్యాహ్నం ఎదురింటావిడతో కలిసి అప్పడాలు ఒత్తుకోవడం. మోకాళ్ల నొప్పులున్నాయని, ఒక్కతే ఉంటోందని కొడుకు హైదరాబాద్ తీసుకొచ్చేశాడు. మూడో అంతస్తులో ఫ్లాటు. ఏసీ గది, మెత్తటి పరుపు, వేళకు టిఫిను, వేళకు మందులు. 'మీరేమీ ముట్టుకోకండి అత్తయ్యా, నేను చూసుకుంటాగా' అంటుంది కోడలు. ఆ అనడం కూడా మనస్ఫూర్తిగానే.

ఆరు నెలలు తిరిగేసరికి ఆవిడకు మాట తగ్గిపోయింది. టీవీలో ఏ సీరియల్ పెడితే అదే చూస్తుంది. 'ఏం కూర చేయమంటారు?' అని అడిగితే 'ఏదో ఒకటి' అంటుంది. పరీక్షలన్నీ చేయించారు. వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నారన్నాడు డాక్టరు.

ఇలాంటి అమ్మలూ నాన్నలూ ఇవాళ ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఒకరిద్దరు కనిపిస్తారు. 'అన్నీ అమర్చిపెట్టాం, ఇంకేం లోటు?' అని పిల్లలు తల పట్టుకుంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వెతకాలంటే కాస్త చుట్టు తిరిగి వెళ్లాలి... అరవై ఏళ్ల కిందటి అమెరికాకు, అక్కడి ఓ కుక్కల ప్రయోగశాలకు.

దూకని కుక్కలు

1964లో మార్టిన్ సెలిగ్‌మన్ అనే 21 ఏళ్ల కుర్రాడు మనస్తత్వశాస్త్రంలో పరిశోధనకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆయన వెళ్లేసరికి అక్కడంతా చికాకుగా ఉంది. కుక్కలు మాట వినడం లేదట! ముందు వాటికి ఓ శబ్దం వినిపించి, వెంటనే కరెంటు షాక్ ఇచ్చారు. ఆ తర్వాత రెండు గదులున్న పెట్టెలో వదిలారు. మధ్యలో చిన్న అడ్డుగోడ. దాన్ని దూకి రెండో గదిలోకి వెళ్తే షాక్ ఉండదు. మామూలు కుక్క ఏదైనా నాలుగైదు సార్లలో ఆ కిటుకు పట్టేస్తుంది. ఇవి మాత్రం దూకవే! మూలుగుతూ పడుకుండిపోతున్నాయి. ప్రయోగం చెడిపోయిందని మిగతావాళ్లు విసుక్కుంటుంటే, అసలు చూడాల్సింది ఇదే కదా అనిపించింది ఆ కుర్రాడికి.

స్టీవెన్ మేయర్ అనే మరో విద్యార్థి జతయ్యాడు. ఇద్దరూ కలిసి 1967లో ప్రకటించిన ప్రయోగం మనస్తత్వశాస్త్రం చదివే ప్రతివాళ్లకూ పాఠమైంది. కుక్కల్ని ఎనిమిదేసి చొప్పున మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు షాక్ తగిలినప్పుడు పక్కనున్న పలకను తలతో నొక్కితే ఆగిపోతుంది. రెండో జట్టుకూ అదే షాక్, అంతే సేపు. తేడా ఒక్కటే. అవి ఏం చేసినా ఆగదు. మొదటి జట్టు కుక్క నొక్కినప్పుడే వీటికీ ఆగుతుంది. మూడో జట్టుకు అసలు షాకే లేదు. మర్నాడు అన్నిటినీ ఆ రెండు గదుల పెట్టెలో వదిలారు. రెండో జట్టులోని ఎనిమిదింటిలో ఆరు ప్రయత్నమే మానేశాయి. మొదటి జట్టులో ఒక్కటీ మానలేదు.

రెండు జట్లూ పడ్డ బాధ సమానం. కాబట్టి కుక్కను కుంగదీసింది బాధ కాదు, తన చేతిలో ఏమీ లేకపోవడం. దీనికి 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు.

మూగజీవాలకు కరెంటు పెట్టి కనిపెట్టిన సంగతి ఇది. చదువుతుంటేనే కష్టంగా ఉంటుంది. సెలిగ్‌మన్‌నూ ఆ బాధ వదల్లేదు. మొదలుపెట్టేముందు ఇది తప్పా అని తన పాత ఫిలాసఫీ మాస్టారిని వెళ్లి అడిగాననీ, తెలుసుకోవాల్సింది తెలియగానే కుక్కలతో ప్రయోగాలు ఆపేయాలనుకున్నాననీ తర్వాత ఆయనే రాసుకున్నారు.

నొక్కని బటన్

మనుషుల సంగతేమిటి? డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరిని కూర్చోబెట్టి చెవులు చిల్లులుపడే రొద వినిపించారు. సగం మందికి మాత్రం ఓ బటన్ ఇచ్చారు. 'భరించలేకపోతే నొక్కండి, రొద ఆగిపోతుంది. నొక్కకపోతే మాకు సంతోషం' అన్నారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. అంటే రెండు జట్లూ విన్నది ఒకే రొద. తర్వాత కొన్ని చిక్కుముళ్లు ఇచ్చి విప్పమన్నారు, ప్రూఫులు దిద్దమన్నారు. బటన్ దగ్గరున్నవాళ్లు చిక్కుముళ్లతో ఓపిగ్గా ఎక్కువసార్లు కుస్తీపట్టారు, ప్రూఫుల్లో తప్పులు తక్కువ వదిలారు. 1972లో అచ్చయిన వాళ్ల పుస్తకంలోని ఈ సంగతి బస్సులో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడేవాళ్లకు బాగా అర్థమవుతుంది. కిటికీ తెరవకపోయినా సరే, తెరిచే వీలు తన దగ్గరుండాలి.

జూలో పులి ఒకే దారిలో అటూ ఇటూ అలుపు లేకుండా తిరుగుతుంటే పిల్లలు చప్పట్లు కొడతారు. వేటకు సిద్ధమవుతోంది అనుకుంటారు. చాలాసార్లు అది వేట కాదు, ఏమీ చేయడానికి లేని ప్రాణి పడే అవస్థ. అమెరికాలోని శాన్‌డియాగో జూలో పాండాల మీద 2005లో వెలువడ్డ ఓ అధ్యయనం ఇక్కడ చెప్పుకోవాలి. సందర్శకులు చూసే ఆవరణలోనే ఉంచిన రోజుల్లో ఎలా ఉన్నాయి, వెనకనున్న గదుల తలుపులు తెరిచిపెట్టి 'మీ ఇష్టం' అన్నట్టు వదిలేసిన రోజుల్లో ఎలా ఉన్నాయి అని పోల్చి చూశారు. తలుపు తెరిచిన రోజుల్లో వాటి అలజడి తగ్గింది. మూత్రంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనూ తగ్గింది. కొత్తగా మేత పెట్టిందీ లేదు, బొమ్మలు ఇచ్చిందీ లేదు.

కోతుల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1986లో సూజన్ మినేకా బృందం రీసస్ కోతిపిల్లల్ని రెండు రకాలుగా పెంచింది. కొన్నిటికి మీట నొక్కితేనో గొలుసు లాగితేనో తిండి, నీళ్లు, చిరుతిళ్లు వచ్చేవి. మిగతావాటికీ అవే, అంతే. కాకపోతే వాటంతట అవే వచ్చిపడేవి. తర్వాత వాటి ముందు ఓ భయంకరమైన మరబొమ్మను పెట్టారు. మీట తెలిసిన పిల్లలు తొందరగా భయం తీర్చుకుని దాన్ని పరిశీలించడం మొదలుపెట్టాయి. ముద్ద కలిపి నోట్లో పెట్టడం, బూట్ల లేసు కట్టడం, హోంవర్కు రాసిపెట్టడం... ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇవన్నీ చేసిపెట్టే ఇళ్లలో ఒక్కసారి తలుచుకోదగ్గ కోతులివి.

గురువారమా, శుక్రవారమా?

మళ్లీ పెద్దవాళ్ల దగ్గరికి వద్దాం. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఆర్డెన్ హౌస్ అనే వృద్ధుల సంరక్షణాలయం ఉండేది. ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు అక్కడి రెండు అంతస్తుల్లోని 91 మందిని ఎంచుకున్నారు. 65 నుంచి 90 ఏళ్ల మధ్య వయసువాళ్లు. ఒక అంతస్తులో అధికారి వచ్చి, 'మీ గదిలో కుర్చీ ఎక్కడుండాలో మీరే చెప్పండి. ఏం నచ్చకపోయినా మాతో అనండి. ఈ మొక్కల్లో కావాలంటే ఒకటి తీసుకోండి, నీళ్లు పోసే బాధ్యత మీదే. వచ్చే వారం సినిమా ఉంది, గురువారం చూస్తారో శుక్రవారం చూస్తారో మీ ఇష్టం' అన్నాడు. రెండో అంతస్తులో కూడా మంచిగానే మాట్లాడాడు. 'మీ గదుల్ని హాయిగా ఉంచడం మా బాధ్యత. ఇదిగో మీకో మొక్క, నీళ్లు నర్సులు పోస్తారు. సినిమా ఏ రోజో మేం చెబుతాం.'

అదే మొక్క, అదే సినిమా.

మూడు వారాల తర్వాత నర్సులనూ వృద్ధులనూ అడిగి చూశారు. మొదటి అంతస్తులో 93 శాతం మంది మెరుగుపడ్డారు. నలుగురితో కలవడం, కబుర్లు చెప్పడం ఎక్కువైంది. రెండో అంతస్తులో 71 శాతం మంది అంతకుముందుకన్నా నీరసించారు. 1976లో ఈ ఫలితాలు వచ్చాయి. ఏడాదిన్నర తర్వాత చూస్తే మొదటి జట్టులో 47 మందికి ఏడుగురు, రెండో జట్టులో 44 మందికి 13 మంది కన్నుమూశారు. ఈ మరణాల లెక్కను మాత్రం మరీ నెత్తికెత్తుకోకూడదు. మనుషులు తక్కువ, పైగా పరిశోధకులే తమ లెక్కలో పొరపాటు దిద్దుకున్నారు. మొక్కకు నీళ్లు పోస్తే ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. కానీ మొక్క ఎవరిదన్న సంగతి మనిషి ముఖంలో తెలుస్తుందన్నది నమ్మొచ్చు. (ఆ జూడిత్ రోడినే 1994లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి అధ్యక్షురాలయ్యారు. కుక్కలు దూకని చోటే!)

ఆ ఏడాదే రిచర్డ్ షుల్జ్ అనే మరో పరిశోధకుడు వృద్ధుల్ని పలకరించేందుకు కాలేజీ విద్యార్థుల్ని పంపాడు. కొందరికి ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో వాళ్లనే చెప్పమన్నాడు. కొందరికి వచ్చే వేళ ముందే తెలియజేశాడు. మిగతావాళ్ల దగ్గరికి పిల్లలు చెప్పాపెట్టకుండా వెళ్లేవారు. మొదటి రెండు జట్లూ కళకళలాడాయి. అక్కడితో కథ అయిపోతే బాగుండేది. ప్రయోగం ముగిసింది, రాకపోకలు ఆగాయి. తర్వాత నెలల్లో మళ్లీ చూస్తే, అంత హుషారైన ఆ రెండు జట్లే అందరికన్నా ఎక్కువగా దిగజారాయి. ఇది పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. మన ఇళ్లలో మాత్రం తరచూ జరుగుతుంది. సెలవుల్లో అమెరికా నుంచి వచ్చి నాన్నతో బ్యాంకు పని, తోట పని అన్నీ కొత్తగా మొదలుపెట్టించి, నెల తిరక్కుండా విమానం ఎక్కేసే పిల్లలు ఈ ఒక్క ప్రయోగం గురించైనా తెలుసుకోవాలి.

ఏనుగు కథలో తిరకాసు

వ్యక్తిత్వ వికాస తరగతులకు వెళ్లినవాళ్లకు ఏనుగు కథ తెలిసే ఉంటుంది. పిల్లప్పుడు గొలుసుతో కట్టేస్తారట, పెద్దయ్యాక సన్నతాడు వేసినా తెంచుకోదట. 'తాడు మీ మనసులోనే ఉంది, ఆలోచన మార్చుకోండి' అని వక్త ముగిస్తాడు. వినడానికి బాగుంటుంది. ఇంట్లో మూలన కూర్చున్న పెద్దాయనతో 'యాక్టివ్‌గా ఉండాలి నాన్నా' అనేవాళ్లు చెప్పేదీ ఇదే.

సెలిగ్‌మన్, మేయర్ 2016లో తమ యాభై ఏళ్ల నాటి సిద్ధాంతాన్ని మళ్లీ ముందేసుకున్నారు. మేయర్ అప్పటికి చాలాకాలంగా ఎలుకల మెదళ్ల మీద పనిచేస్తున్నారు. ఇద్దరూ కలిసి చెప్పిందేమిటంటే, మొదట మేం తిరగేసి చెప్పాం అని. నిస్సహాయతను ఎవరూ నేర్చుకోరు. బాధ చాలాసేపు సాగితే ముడుచుకుపోవడమే మెదడుకు పుట్టుకతో వచ్చిన తీరు. మెదడు అడుగునున్న ఓ చిన్న భాగం ఆ పని చేస్తుంది. నేర్చుకోవాల్సింది 'నా చేతిలో ఉంది' అన్న సంగతి. అది అనుభవంలోకి వస్తే నుదుటి వెనక భాగం కలగజేసుకుని ఆ ముడుచుకుపోవడాన్ని ఆపుతుంది. యాభై ఏళ్లు పేరు తెచ్చిన మాటను తప్పని వాళ్లే ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఉపన్యాసం ఎందుకు పనిచేయదో కూడా దీంతో తెలుస్తుంది. మాటతో కాదు, చేత్తో తెలియాలి. అలాగని షుగరున్నవాళ్లకు స్వీటు డబ్బా అప్పగించమని కాదు. 'ఇవన్నీ నావల్ల కాదు, నువ్వే చూడు నాయనా' అని బరువు దించుకున్నవాళ్లను మళ్లీ లాగమనీ కాదు. ఉన్నట్టుండి మాట తగ్గితే వినికిడి, థైరాయిడ్, డిప్రెషన్ ఉన్నాయేమో డాక్టరు చూడాల్సిందే. ఆర్డెన్ హౌస్‌లో ఇచ్చినవి చాలా చిన్న పెత్తనాలు. కుర్చీ ఎటు పెట్టాలి, సినిమా ఏ రోజు. మన దగ్గరైతే పాలవాడి లెక్క, బాల్కనీలో కరివేపాకు కుండీ, రైతుబజారుకు వెళ్లే సంచీ, రాత్రి తొమ్మిది దాకా రిమోట్, పింఛను వచ్చే ఏటీఎం కార్డు. కూర ఏం చేయమంటారని అడిగితే మొదటి వారం 'ఏదో ఒకటి' అనే జవాబే వస్తుంది. రెండో వారమూ అదే రావచ్చు. చాలామంది అక్కడే అడగడం మానేస్తారు.

ఆ దూకని కుక్కల్ని చివరికి ఎలా బాగుచేశారన్నది ఇంకా మిగిలే ఉంది. ముందు మధ్యలోని అడ్డుగోడ తీసేశారు. కదల్లేదు. అవతలి గదిలోంచి ప్రేమగా పిలిచారు. కదల్లేదు. మాంసం ముక్కలు వేశారు. అయినా లేవలేదు. ఇక మెడకు తాడు కట్టి, షాక్ రాగానే అవతలికి లాగారు. తెచ్చి మళ్లీ లాగారు. కొన్నిటిని పదుల సార్లు లాగాల్సి వచ్చింది. మొదట బరువంతా తాడు మీదే ఉండేది. లాగేకొద్దీ చేతికి తేలికవుతూ వచ్చింది. ఆఖరికి ఏ కుక్కకు ఆ కుక్క, తాడు బిగియకముందే లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయింది.